చిన్న విమానానికి యాంటెన్నా విరిగితే ఏది కొనాలి, ఎక్కడ బిగించాలి?

మే నెల, మధ్యాహ్నం ఒంటిగంట. గన్నవరం ఎయిర్‌పోర్టులో కాంక్రీటు మీద అరచెయ్యి ఆనిస్తే కాలిపోయేలా ఉంది. గుంటూరు పెద్దాయన ఒకరు తన రెండు సీట్ల సెస్నా పక్కన నిలబడి ఉన్నారు. చేతిలో మూరెడు పొడవున్న తెల్లటి కడ్డీ ముక్క. ఎండకి కప్పిన గుడ్డ కవరు తీస్తుంటే దాని తాడు క్యాబిన్ మీది యాంటెన్నాకి చుట్టుకుంది. కుర్రాడు చూసుకోకుండా లాగాడు. అది మొదలంటా విరిగింది.

"ఏం బాబూ, కడ్డీయే కదా. ఆటోనగర్‌లో లారీ బాడీలకి లారీ బాడీలే కట్టేస్తారు, ఇది చెయ్యలేరా?"

"చేస్తారండీ. చూడ్డానికి అచ్చం ఇలాగే ఉంటుంది. మాట్లాడదు, అంతే."

నాది విమానాల్లో రేడియో, ఎలక్ట్రికల్ పని. బీ2 లైసెన్సు ఉంది, ఉండేది విజయవాడలో, పనికి మాత్రం ఊళ్లు తిరుగుతుంటాను. యాంటెన్నా విరిగిన ప్రతి యజమానీ నన్ను అడిగేవి రెండే ప్రశ్నలు: అదే వెయ్యాలా, ఇంకా మంచిది ఏదైనా ఉందా? ఉన్నచోటే బిగించాలా, వేరే చోటికి మార్చాలా? ఆ రోజు ఎండలో హడావిడిగా చెప్పిందే ఇక్కడ కాస్త నిదానంగా రాస్తున్నాను.

విరిగింది ఏది?

ఇది అడగాల్సిన ప్రశ్నేనా అనిపిస్తుంది గానీ, అడగాలి. చిన్న విమానం ఒంటి మీద నాలుగైదు యాంటెన్నాలు ఉంటాయి, వాటిలో రెండు అక్కచెల్లెళ్లలా కనిపిస్తాయి. క్యాబిన్ మీద వెనక్కి వంగి ఉండేది టవర్‌తో మాట్లాడే వీహెచ్‌ఎఫ్ యాంటెన్నా, 118 నుంచి 137 మెగాహెర్ట్జ్ వరకు దాని పరిధి. తోక పైన పిల్లి మీసాల్లా రెండు పక్కలకీ అడ్డంగా ఉండేది దారి చూపించే వీఓఆర్‌కి. పొట్ట కింద బొటనవేలంత ఉండేది రాడార్‌కి జవాబిచ్చే ట్రాన్స్‌పాండర్‌ది. పైన బిళ్లలా అతుక్కుని ఉండేది జీపీఎస్.

ఇంకొకటి తోకకి దగ్గరగా నిలబడి ఉంటుంది, సన్నటి కడ్డీ. అది ఈఎల్‌టీది. విమానం కూలితే 406 మెగాహెర్ట్జ్‌లో ఉపగ్రహాలకి కేక వేసేది అదే. మన దేశంలో ఆ కేక బెంగళూరులోని ఇస్రో కేంద్రానికి చేరుతుంది. ఇది విరిగినా రేడియోలో పిసరంత తేడా కూడా తెలీదు, అందుకే నెలల తరబడి ఎవరి కంటా పడదు. దీని విషయంలో పోలికా లేదు, ఎంపికా లేదు. ఆ ఈఎల్‌టీ తయారుచేసినవాళ్లు ఏ యాంటెన్నా చెప్పారో అదే తెప్పించి, ఉన్నచోటే బిగించాలి. ఇక మిగిలినవాటి సంగతి చూద్దాం.

ఆటోనగర్ కడ్డీ ఎందుకు మాట్లాడదో కూడా ఇక్కడే చెప్పాలి. యాంటెన్నా పొడవు ఎవరో ముచ్చటపడి పెట్టింది కాదు, తరంగం పొడవులో నాలుగో వంతు. 127 మెగాహెర్ట్జ్‌కి తరంగం సుమారు 2.36 మీటర్లు, నాలుగో వంతు 59 సెంటీమీటర్లు. ట్రాన్స్‌పాండర్ జవాబిచ్చే 1090 మెగాహెర్ట్జ్‌కి తరంగం 27.5 సెంటీమీటర్లు, నాలుగో వంతు 7 సెంటీమీటర్ల లోపే. అందుకే పైది మూరకి మించి ఉంటుంది, కిందది బొటనవేలంత. పైగా ఆ ఫైబర్ తొడుగు లోపల కండక్టర్, మొదట్లో రేడియోకి పొసిగేలా చేసే అమరిక ఉంటాయి. పైనుంచి చూసి కొలతలు తీసినవాడికి అవేవీ కనపడవు.

కళ్లకి విరిగినట్టు కనపడకుండా రేడియో మాత్రం నీరసపడితే, కొత్త యాంటెన్నా ఆర్డర్ పెట్టే ముందు ఒక్క పని చెయ్యండి. రెండు రేడియోలుంటే వాటి యాంటెన్నా కేబుళ్లు అటూ ఇటూ మార్చండి. జబ్బు రేడియోతో పాటే ఉండిపోతే తప్పు రేడియోది. రెండో రేడియోకి అంటుకుంటే తప్పు కేబుల్‌దో యాంటెన్నాదో. మల్టీమీటర్ పెట్టి "షార్ట్ చూపిస్తోంది, పోయింది" అని యాంటెన్నాని పారేసేవాళ్లని చూశాను. కొన్ని యాంటెన్నాలు డీసీకి షార్ట్ అయ్యేలాగే తయారవుతాయి, మీటర్ సున్నా చూపిస్తే అది జబ్బేమీ కాదు.

అదే రకమా, వేరే రకమా?

మాట్లాడే రేడియోకి మార్కెట్లో దొరికేవి స్థూలంగా మూడు రకాలు: సన్నటి స్టీలు కడ్డీ, ఫైబర్ తొడుగులో వంగి ఉండే విప్, చేప రెక్కలా వెడల్పుగా ఉండే బ్లేడ్. కోమాంట్, రామీ లాంటి కంపెనీలు వీటిలో రకరకాలవి అమ్ముతాయి.

స్టీలు కడ్డీ చవక. తాడు తగిలితే వంగుతుంది గానీ ఫైబర్‌లా పుటుక్కున విరగదు. కానీ సన్నగా ఉన్న కొద్దీ అది బాగా పనిచేసే పరిధి కుదించుకుపోతుంది. మధ్యలో 127 దగ్గర చక్కగా ఉండి, 118 దగ్గరా 136 దగ్గరా నీరసిస్తుంది. గాలికి వణుకుతుంది కూడా. ఆ వణుకుకి ఏళ్ల తరబడి మొదట్లో రేకు అలిసిపోతుంది.

బ్లేడ్ వెడల్పుగా ఉంటుంది కాబట్టి పరిధి మొత్తం సమానంగా పనిచేస్తుంది, వణకదు, గాలికి అడ్డు తక్కువ, చూడ్డానికి ఠీవిగా ఉంటుంది. ఖరీదు విప్ కంటే బాగా ఎక్కువ. ఇంతవరకూ అమ్మేవాడే చెబుతాడు. అతను చెప్పనిది ఇంకొకటుంది. బ్లేడ్ బరువు ఎక్కువ, వంగదు. పక్క గాలి తోసినా, ఎవరైనా మోచెయ్యి ఆనించినా ఆ తోపు అంతా మొదట్లో ఉన్న రేకు మీదే పడుతుంది. చిన్న విమానం పై రేకు చాలాచోట్ల ఒక మిల్లీమీటరు కన్నా పలచన. దాని వెనక బలానికి ఇంకో అల్యూమినియం పలక, మేం డబ్లర్ అంటాం, రివెట్లతో వెయ్యకపోతే రెండు మూడేళ్లలో స్క్రూ రంధ్రాల దగ్గర వెంట్రుకలాంటి పగుళ్లు మొదలవుతాయి. గంటకి 180, 200 కిలోమీటర్ల వేగంతో పోయే ట్రైనర్ విమానానికి బ్లేడ్ వల్ల కలిసొచ్చే గాలి లాభం లెక్కలోకి రాదు. గాలి అడ్డు వేగం వర్గంతో పెరుగుతుంది. రెట్టింపు వేగంతో పోయేవాళ్లకి నాలుగింతలు ముఖ్యం, వాళ్లు కొనుక్కోనీండి.

అందుకే నా ఓటు చాలాసార్లు విరిగిన దానికే: అదే పార్ట్ నంబరు, అదే విప్. ఉన్న రంధ్రాల్లోనే కూర్చుంటుంది. విప్‌లన్నిటికీ నాలుగు స్క్రూలే కదా అని వేరే కంపెనీది తెప్పిస్తే రంధ్రాల మధ్య దూరం రెండు మిల్లీమీటర్లు తేడా రావచ్చు. అప్పుడు గుండ్రటి రంధ్రాన్ని ఫైలుతో కోడిగుడ్డు ఆకారంలోకి సాగదీసే మహానుభావులు ఉన్నారు. ఆ పని మాత్రం చెయ్యకండి, చెయ్యనివ్వకండి.

బ్లేడ్‌కి మారాల్సిన సందర్భం ఒక్కటి ఒప్పుకుంటాను: అదే చోట విప్ రెండోసారో మూడోసారో దానంతటదే మొదట్లో పగిలితే. అంటే అక్కడ వణుకు ఎక్కువ ఉందన్నమాట. అప్పుడు కూడా ముందు డబ్లర్, తర్వాతే బ్లేడ్.

పైనా, పొట్ట కిందా?

గుంటూరు పెద్దాయన రెండో ఆలోచన ఇదే. "పొట్ట కింద పెట్టించేస్తే కవరు తాడు గొడవే ఉండదుగా?"

ఉండదు. దాని బదులు వేరే గొడవలు వస్తాయి. ఇంజిన్ బ్రీదర్ గొట్టం నుంచి వచ్చే ఆయిల్ తుంపర, ఎగ్జాస్ట్ మసి, చక్రాలు ఎగరేసే రాళ్లు, వాన పడ్డ రోజు బురద, అన్నీ పొట్టకే తగులుతాయి. విమానం నేల మీద ఉన్నంతసేపూ కింది యాంటెన్నా రేకుకీ కాంక్రీటుకీ మధ్య నక్కి ఉంటుంది కాబట్టి టవర్‌తో మాట సరిగా అందదు. గాలిలోకి లేచాక మాత్రం కిందున్న స్టేషన్లతో అదే బాగా మాట్లాడుతుంది, దానికీ నేలకీ మధ్య అడ్డేమీ ఉండదు. పైన ఉన్నదాని కథ దీనికి తిరగబడి ఉంటుంది: నేల మీద ఉన్నప్పుడు బ్రహ్మాండం, గాల్లో స్టేషన్ సరిగ్గా కింద ఉన్నప్పుడూ, రెక్క వంచి మలుపు తిరిగేటప్పుడూ కాస్త నీడ.

ఆ నీడ ఎంత అన్నది మనుషులు ఊహించుకునేంత ఉండదు. వీహెచ్‌ఎఫ్ చూపు మేర పోతుంది. 3,000 అడుగుల ఎత్తు నుంచి ఆ చూపు మేర దాదాపు 125 కిలోమీటర్లు. గన్నవరం నుంచి గుంటూరు గాలి దారిన 45 కిలోమీటర్లకి అటూ ఇటూ. కాబట్టి మన చుట్టుపక్కల తిరిగేవాళ్లకి పైనున్న ఒక్క యాంటెన్నా చాలు. కొండవీడు కొండల వెనక బాగా కిందకి దిగి ఎగురుతూ రేడియో మూగబోయిందని యాంటెన్నాని తిట్టడం మాత్రం అన్యాయం, కొండ అడ్డొస్తే ఏ యాంటెన్నా అయినా చేసేదేమీ లేదు.

రెండు రేడియోలున్న విమానానికి ఒకటి పైనా ఒకటి కిందా ఉండటం అన్నిటికన్నా మేలైన ఏర్పాటు. మధ్యలో విమానం ఒళ్లే అడ్డుగోడ కాబట్టి ఒకటి మాట్లాడుతుంటే రెండోది చెవులు మూసుకోవాల్సిన పని ఉండదు. రెండూ పైనే ఉండాల్సి వస్తే వాటి మధ్య కనీసం ఒక మీటరుకి దగ్గరగా దూరం ఉండాలి.

పైన చోటు మార్చేటప్పుడు నేను ముందు చూసేది జీపీఎస్ బిళ్ల ఎక్కడుందా అని. ఓ ట్రైనర్ విమానంలో పైలట్ మైకు నొక్కి మాట్లాడినప్పుడల్లా జీపీఎస్ దారి తప్పేది. మాట ఆపగానే తిరిగొచ్చేది. నెలపాటు జీపీఎస్‌నే అనుమానించారు, దాన్ని విప్పి పంపించారు, బాగానే ఉందని తిరిగొచ్చింది. అసలు సంగతేమిటంటే, అంతకుముందు ఎవరో విరిగిన విప్ స్థానంలో కొత్తది వేస్తూ "ఇక్కడైతే కేబుల్ కలిసొస్తుంది" అని జీపీఎస్ బిళ్లకి జానెడు దూరంలో బిగించారు. లెక్క వేసి చూడండి. మాట్లాడే ఫ్రీక్వెన్సీల్లో ఒకటైన 121.175ని 13తో హెచ్చిస్తే 1575.275. 131.275ని 12తో హెచ్చిస్తే 1575.3. జీపీఎస్ వినేది 1575.42 మెగాహెర్ట్జ్‌లో. రేడియో తన ఫ్రీక్వెన్సీతో పాటు దానికి రెండింతలు, మూడింతలు, అలా పైపైన కూడా కాస్త సిగ్నల్ చిమ్ముతుంది, హార్మోనిక్ అంటాం; ఆ పన్నెండోదో, పదమూడోదో చాలా బలహీనంగానే ఉంటుంది. కానీ ఇరవై వేల కిలోమీటర్ల పైనుంచి వచ్చే జీపీఎస్ సిగ్నల్ అంతకన్నా బలహీనం. జానెడు దూరం నుంచి గుసగుసలాడినా దాని చెవికి అరుపే. కనీసం రెండు మూడు అడుగుల దూరం ఉంచండి. బిగించాక ఎవరూ మాట్లాడటం లేదని విని నిర్ధారించుకుని, ఆ ఫ్రీక్వెన్సీల మీద అర నిమిషం చొప్పున మైకు నొక్కి ఉంచి జీపీఎస్ తెరలో ఉపగ్రహాల గీతలు పడిపోతున్నాయేమో చూడండి.

చోటు మార్చడంలో అసలు ఖర్చు ఇంకోచోట ఉంది. పాత రంధ్రాన్ని పద్ధతిగా మాటు వేసి మూయాలి, కొత్తచోట రంధ్రం కొట్టాలి, లోపల డబ్లర్ వెయ్యాలి, సీలింగ్ గుడ్డ విప్పాలి, కేబుల్ మళ్లీ లాగాలి. కవరు తాడుకి భయపడి ఇంత పని పెట్టుకోవడం కన్నా కవరు కుట్టేవాడితో యాంటెన్నాకి ఒక జేబు కుట్టించుకోవడం నయం.

కనపడని సగం

యాంటెన్నా అంటే బయటికి కనిపించే కడ్డీ సగమే. మిగతా సగం దాని కింద పరుచుకుని ఉన్న విమానం రేకు. కరెంటు రెండిటిలోనూ ఆడాలి. ఖరీదైన బ్లేడ్‌ని పెయింటు మీద బిగించడం కన్నా, చవక విప్‌ని శుభ్రమైన రేకుకి బిగించడం ఎన్నో రెట్లు మేలు. నన్నడిగితే ఏ కంపెనీది కొనాలి అన్న ప్రశ్న కన్నా ఈ పనిని ఎవరు, ఎంత ఓపిగ్గా చేస్తారన్నదే ముఖ్యం.

పెద్దాయన విమానంలో ఏం చేశామో చెబుతాను. పాత మొదలు విప్పి చూస్తే కింద తెల్లటి పెయింటు నిగనిగలాడుతోంది. ఎప్పుడో విమానానికి మళ్లీ రంగు వేసినప్పుడు యాంటెన్నా తీసి, రేకంతా రంగు కొట్టేసి, దాని మీదే తిరిగి బిగించారు. అంటే అన్నాళ్లూ అది నాలుగు స్క్రూల దయ మీద బతికింది. ఆ స్క్రూల చుట్టూ ఉప్పులా తెల్లటి పొడి. మన కోస్తా ఉక్కకి స్టీలు, అల్యూమినియం కలిసినచోట రేకు అలాగే కరుగుతుంది. అప్పుడు ఆయన ఒక మాట అన్నారు, "విరగక ముందు కూడా టవర్ వాళ్లు అప్పుడప్పుడు రీడబిలిటీ 3 అనేవాళ్లు బాబూ, నా గొంతు వల్లేమో అనుకున్నా." మాట ఎంత స్పష్టంగా వినిపిస్తోందో చెప్పే అంకె అది: 5 అంటే చక్కగా, 3 అంటే కష్టం మీద.

గాస్కెట్ కూర్చునేంత మేర, స్క్రూ తలలు ఆనే చోట, లోపలి వైపు డబ్లర్ మీద, పెయింటు మెల్లగా గీకాం. ఇనుప బ్రష్షు పెట్టకూడదు, అల్యూమినియంలో ఇనుప పొడి ఇరుక్కుంటే అదే తుప్పుకి విత్తనం. రేకు కొత్త రూపాయి బిళ్లలా మెరిశాక తుడిచి, అలోడైన్ అనే రసాయనం రాశాం. కాసేపటికి పసుపు పూసినట్టు లేత బంగారు రంగు వచ్చింది. ఆ పొర కరెంటుని ఆపదు, తుప్పుని ఆపుతుంది. ఆ తర్వాత బిగింపు. స్క్రూలు ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా, ఒకేదాన్ని ఆఖరిదాకా తిప్పితే మొదలు పగులుతుంది. మొదలుకీ రేకుకీ మధ్య రెసిస్టెన్స్ 3 మిల్లీఓమ్‌ల లోపు ఉండాలి. మామూలు మల్టీమీటర్‌తో ఇది తేలదు, దాని తీగల రెసిస్టెన్సే అంతకి ఎన్నో రెట్లు. మిల్లీఓమ్ మీటర్ కావాలి.

చివర అంచు చుట్టూ సీలెంట్. ఇక్కడ కూడా హార్డ్‌వేర్ షాపు మీదకి మనసు పోతుంది. బాత్‌రూమ్ టైల్స్‌కి వాడే సిలికాన్‌లో వెనిగర్ వాసన వచ్చే రకం ఉంటుంది చూశారా, ఆ వాసన యాసిడ్‌ది. రేకుని తినేస్తుంది. విమానాలకి వాడే పాలీసల్ఫైడ్ సీలెంటే వాడాలి. కొత్త యాంటెన్నా రంగు నచ్చలేదని దానికి లోహపు మెరుపున్న పెయింటు కూడా కొట్టకండి.

రేకు లేని విమానాలున్నాయి, గ్లాస్ ఫైబర్‌వి, కార్బన్ ఫైబర్‌వి. గ్లాస్ ఫైబర్ రేడియోకి గాజులాంటిది, తరంగాలు దాటిపోతాయి. యాంటెన్నాని తోక లోపలే దాచుకోవచ్చు. విప్ వెయ్యాలంటే మాత్రం ఆ మిగతా సగాన్ని మనమే ఇవ్వాలి, మొదలు నుంచి నాలుగు దిక్కులకీ 60 సెంటీమీటర్ల చొప్పున రాగి రేకు పట్టీలు అతికించి. కార్బన్ అలా కాదు, లోపల పెట్టిన యాంటెన్నాని ఇనప్పెట్టెలో పెట్టినట్టే, కాబట్టి బయటే ఉండాలి.

కేబుల్ మార్చాలా?

యాంటెన్నా లాగినప్పుడే విరిగింది కాబట్టి దాని వెనకున్న కనెక్టర్ కూడా లాగుడు తిని ఉంటుంది. కనీసం విప్పి చూడండి. పాత విమానాల్లో ఆర్‌జీ-58 రకం కేబుల్ ఉంటుంది, కొత్తగా వేసేది ఆర్‌జీ-400. రెండు మూడు మీటర్ల దూరానికి, మాట్లాడే రేడియో ఫ్రీక్వెన్సీలో, రెండిటి నష్టంలో తేడా పెద్దగా ఉండదు. నేను మార్చమనేది వేరే కారణాలకి: ఆర్‌జీ-400కి రెండు పొరల జల్లెడ కవచం ఉంటుంది, లోపలి టెఫ్లాన్ మన ఎండలకి మెత్తబడదు, పైతొడుగు పీవీసీలా పొగ చిమ్మదు. ట్రాన్స్‌పాండర్ కేబుల్ అయితే ఆలోచించకుండా మార్చండి, ఆ ఫ్రీక్వెన్సీలో పాత కేబుల్ చాలా తినేస్తుంది. వంపుల దగ్గర చెంబు చుట్టూ తిప్పినంత గుండ్రంగా వదలాలి, మడత పడకూడదు.

కేబుల్ టీవీ వాళ్ల దగ్గర దొరికే వైరు వాడొచ్చా అని అడిగినవాళ్లున్నారు. అది 75 ఓమ్‌లది, విమానం రేడియోకి 50 ఓమ్‌లది కావాలి. పైగా తొడుగు పీవీసీ.

కాగితాలు, పరీక్ష

అదే పార్ట్ నంబరు, అదే చోటు అయితే మెయింటెనెన్స్ మాన్యువల్ ప్రకారం లైసెన్సున్న ఇంజినీరు మార్చి, లాగ్‌బుక్‌లో రాసి సంతకం పెడితే అయిపోతుంది. రకం మార్చినా చోటు మార్చినా అది మాడిఫికేషన్; ఆమోదం ఉన్న డ్రాయింగులు, డేటా లేకుండా డ్రిల్లు పట్టుకోకూడదు. పార్ట్‌తో పాటు విడుదల సర్టిఫికెట్ రావాలి: మన సీఏ ఫారం 1, అమెరికాదైతే 8130-3, యూరప్‌దైతే ఈఏఎస్ఏ ఫారం 1. ఇంటర్నెట్‌లో సగం ధరకి దొరికిన వాడేసిన బ్లేడ్‌కి ఆ కాగితం లేకపోతే అది గోడకి తగిలించుకోవడానికే.

బిగించాక, పంపిన పవర్ ఎంత వెనక్కి వస్తోందో చెప్పే ఎస్‌డబ్ల్యూఆర్ మీటర్‌తో పరిధి అడుగున, మధ్యన, చివరన మూడుచోట్లా చూడాలి. 2 లోపు ఉంటే చాలా మంచిది. 2 అంటే పంపిన పవర్‌లో సుమారు 11 శాతం వెనక్కి వస్తున్నట్టు. 3 అంటే 25 శాతం. 3 దాటితే స్క్రూలు మళ్లీ విప్పాల్సిందే.

పెద్దాయన విప్ వారం రోజులకి వచ్చింది, అదే పార్ట్ నంబరు. మీటర్‌లో 118 దగ్గర 1.8, మధ్యలో 1.3, 136 దగ్గర 1.7. మర్నాడు పొద్దున్నే గుంటూరు మీద 3,000 అడుగుల్లో, టవర్‌కి ముందే చెప్పి, మెల్లగా ఒక చుట్టు తిరుగుతూ నాలుగు దిక్కులకీ ముక్కు పెట్టి ఒక్కోసారి రేడియో చెక్ అడిగారు. మూడు దిక్కుల్లో 5. తోక గన్నవరం వైపు ఉన్నప్పుడు 4. పైన బిగించిన యాంటెన్నాకి తోక నిలువు రెక్క నీడ అంతమాత్రం పడుతుంది, దానికి కంగారు అక్కర్లేదు.

విరిగిన ముక్క ఆటోనగర్‌కి వెళ్లలేదు. ఆయన కారు డాష్‌బోర్డులోనే ఉంది. కవరు తీయడానికి కొత్త కుర్రాడు ఎవరొచ్చినా, నిచ్చెన ఎక్కకముందే అది తీసి చూపిస్తారు.